85 దగ్గర మొదలయ్యే వొణుకు

మా కారు 2009 మోడల్, డీజిల్. 1,42,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంజన్‌కి ఏ లోటూ లేదు, పొద్దున్నే తాళం తిప్పితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. అలాంటి బండి మొన్న సంక్రాంతి ముందు నుంచి దాదాపు మూడు నెలలు నన్ను సరిగ్గా నిద్రపోనివ్వలేదు. చక్రాల దగ్గర ఒక వొణుకు, దాంతో పాటు ఒక మోత. రెండూ ఒకటేనని నేననుకున్నాను, మెకానిక్కూ అలాగే అనుకున్నాడు, అక్కడే డబ్బులూ పోయాయి టైమూ పోయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, పాత బండి నడిపేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఇది తగులుతుంది కాబట్టి.

మేం ఉండేది శ్రీకాకుళం. చెల్లి విజయనగరంలో ఉంటుంది, నెలకి ఒకసారైనా అమ్మని తీసుకెళ్తాను. ఆరోజు ఎచ్చెర్ల దాటి హైవే మీద కొంచెం ఖాళీ దొరికి 85కి వచ్చేసరికి వెనక సీట్లోంచి అమ్మ, "ఒరే, ఈ బాటిల్లో నీలు సూడ్రా, ఎలా వొణికిపోతన్నాయో" అంది. అద్దంలోంచి చూశాను. బాటిల్ ఆవిడ పక్కన సీటు మీద ఉంది, లోపల నీళ్ల మీద సన్నటి ముడతలు ముడతలు. నా చేతుల్లో స్టీరింగ్ మాత్రం నిమ్మళంగా ఉంది. 70కి తగ్గించాను, నీళ్లు కుదురుకున్నాయి. మళ్లీ 85, మళ్లీ వొణుకు. 100 దగ్గర కొంచెం తగ్గినట్టు కూడా అనిపించింది. రోడ్డుదేలే అనుకుని ఊరుకున్నాను. కానీ ఆ ఒక్క నిమిషంలోనే జవాబు సగం నా ముందు ఉంది, స్టీరింగ్ కదలట్లేదు, వెనక సీటు వొణుకుతోంది, అంటే జబ్బు వెనక చక్రాల్లో ఉంది అని. ముందు చక్రాల్లో తేడా ఉంటే ముందు చేతులకే తెలుస్తుంది, వెనక చక్రాల్లో ఉంటే సీటుకీ ఫ్లోరుకీ తెలుస్తుంది. ఇది తర్వాత తెలిసింది నాకు.

ఆ వారంలోనే మోత కూడా పట్టుకుంది. 50 దాటితే చాలు గుయ్‌య్‌య్ మని, స్పీడు పెరిగే కొద్దీ పెరుగుతూ, పాత విమానం ఇంటి మీంచి పోతున్నట్టు. అమ్మ మాట్లాడితే నాకు వినపడక రెండోసారి అడగాల్సి వచ్చేది. ఇంక రెండూ కలిపి ఒకే జబ్బు అని తీర్మానించేసుకుని, అందరూ చేసే పనే చేశాను, ముందు వీల్ బ్యాలెన్సింగ్‌కి పట్టుకెళ్లాను, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేలా రిమ్ముకి చిన్న వెయిట్లు కొట్టించడానికి.

బ్యాలెన్సింగ్ తప్పు పనేం కాదు, 80 నుంచి 100 మధ్య వచ్చే వొణుకుకి మొదట అనుమానించాల్సింది దాన్నే. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను కాబట్టి లెక్క వేసుకున్నాను. మా టైరు సైజు 165/80 ఆర్14, ఒక్క చుట్టు తిరిగితే సుమారు 1.9 మీటర్లు వెళ్తుంది. గంటకి 85 అంటే సెకనుకి 23.6 మీటర్లు, అంటే చక్రం సెకనుకి 12 సార్లకి పైగా తిరుగుతోంది. రిమ్ము అంచున 30 గ్రాములు ఒక పక్కన ఎక్కువ ఉంటే ఆ స్పీడులో అది బయటికి లాగే బలం మూడు కిలోల బరువు లాగినట్టు ఉంటుంది, అదీ సెకనుకి 12 సార్లు దిక్కు మారుతూ. స్పీడు సగానికి తగ్గితే బలం పావు వంతుకి పడిపోతుంది, అందుకే ఊళ్లో తిరిగినప్పుడు ఏమీ తెలీదు. ఇంకో సంగతేంటంటే, స్ప్రింగు కింద వేలాడే చక్రం, దాన్ని బిగించే హబ్బు, బ్రేకు ఇవన్నీ కలిపి సొంతంగా ఊగే వేగం కూడా మామూలు కార్లలో సెకనుకి 10 నుంచి 15 సార్లు ఉంటుంది. ఆ రెండూ కలిసిన చోట వొణుకు ఎక్కువైపోతుంది, దాటాక కొంచెం తగ్గుతుంది. ఉయ్యాల్ని సరైన సమయానికి తోస్తే ఎలా అందుకుంటుందో అదే. క్లాసులో రెజొనెన్స్ చెప్పినప్పుడు ఇప్పుడు ఈ కారు కథే చెప్తున్నాను, పిల్లలు బాగా వింటున్నారు.

షాపులో కుర్రాడు నాలుగు చక్రాలూ మిషను మీద ఎక్కించాడు. మూడు చక్రాలకి 10, 15 గ్రాములు చూపించింది. ఎడమ వెనక చక్రానికి మాత్రం 65 అడిగింది. కుర్రాడు వెయిట్లు కొట్టాడు, మిషను సున్నా చూపించింది, డబ్బులిచ్చి వచ్చేశాను. ఒక్క చక్రం మిగతావాటికంటే అంత ఎక్కువ ఎందుకు అడిగింది అని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. ఇప్పుడైతే అక్కడే ఆపి, టైరు తిరుగుతున్నప్పుడు పక్కకి వంగి కళ్లతో చూసేవాణ్ణి. మిషను బరువు ఎక్కడ తక్కువో చెప్తుంది, అంతే. టైరు గుండ్రంగా ఉందా లేదా అన్నది మామూలు మిషను చెప్పదు. కోడిగుడ్డుకి కూడా వెయిట్లు కొట్టి సున్నా చూపించొచ్చు, కానీ రోడ్డు మీద అది ఎగురుతూనే ఉంటుంది.

పది రోజులు తగ్గినట్టే అనిపించింది, తర్వాత వొణుకు మళ్లీ మొదలు. మోత అయితే అసలు తగ్గనేలేదు. అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక్కడే ఒక రౌండు వేసుకొచ్చి, "ఎడం పక్క ముందు బేరింగు పోయింది మాస్టారూ, వొణుకు కూడా దానిదే" అన్నాడు. మోత ఎడమ పక్కనుంచే వస్తున్నట్టు నాకూ అనిపించేది. సరే అన్నాను. మా బండికి ముందు బేరింగు నకిల్ అనే ఇనప దిమ్మలో బిగించి ఉంటుంది, ప్రెస్ మీద పెట్టి నొక్కితే గానీ రాదు, వచ్చిందంటే పాతది మళ్లీ వాడకూడదు. కాబట్టి బాగున్న బేరింగైనా ఒకసారి తీస్తే పారెయ్యాల్సిందే. కొత్తది వేశారు, బేరింగూ లేబరూ కలిపి 2,600 అయ్యింది. సాయంత్రం సింగుపురం వరకు వెళ్లాను. మోత మోతలాగే ఉంది, వొణుకు వొణుకులాగే ఉంది.

ఆ రాత్రి నాకు చాలా బాధేసింది. డబ్బుల కోసం కాదు. అమ్మని ఎక్కించుకుని హైవే మీద వెళ్లే బండి, దాన్లో ఏదో ఒకటి వదులైపోతోంది, అదేంటో మాకెవరికీ తెలీట్లేదు. అదీ బెంగ.

నాన్న అప్పటిదాకా ఏమీ అనలేదు. నాన్న పాలకొండ డిపోలో 31 ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. పాత బస్సుల్లో ఇంజన్ డ్రైవర్ పక్కనే, ఎడం చేతి వైపు ఉండేది కదా, ఆ మోతకి ఎడం చెవి దాదాపు పోయింది, కుడి చెవి కూడా సగమే. అందుకే నేను ఆయన్ని అడగలేదు, మోత సంగతి వినపడని మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. అది నేను చేసిన పెద్ద తప్పు. పొద్దున్న టీ తాగుతూ, "నాకు ఇనపడదు గానీ కాలికి తెలస్తాది, పద" అని తనే వచ్చి పక్క సీట్లో కూర్చుని చెప్పులు విప్పేసి ఫ్లోరు మీద పాదాలు ఆనించాడు.

పొద్దున్న ఆరింటికి ఎచ్చెర్ల దగ్గర సర్వీసు రోడ్డు ఖాళీగా ఉంది. 60లో పెట్టి నూట్రల్ చెయ్యమన్నాడు. ఇంజన్ చప్పుడు పడిపోయింది, గుయ్‌మనే మోత మాత్రం అలాగే ఉంది. "అయితే ఇంజన్‌దీ గేరుదీ కాదు, చక్రందే" అన్నాడు. తర్వాత మళ్లీ గేర్లో వేయించి, స్టీరింగ్ కొంచెం ఎడమకి, కొంచెం కుడికి, పాము నడిచినట్టు నెమ్మదిగా తిప్పమన్నాడు. వెనకా ముందూ ఎవరూ లేనప్పుడు మాత్రమే చెయ్యాల్సిన పని ఇది, అదీ బండి అదుపులో ఉండేంత స్పీడులో. ఎడమకి తిప్పితే మోత గట్టిగా పెరిగింది. కుడికి తిప్పితే దాదాపు పోయింది.

నేను వెంటనే, చూశావా ఎడమదే అన్నాను. నాన్న తలడ్డంగా ఊపాడు. "ఎడమకి తిరిగితే బస్సు ఎటు ఒరుగుతాది?" అన్నాడు. ఫిజిక్స్ చెప్పే నాకు అది వెలగలేదు, 31 ఏళ్లు బస్సు ఒరగడం ఒంటికి తెలిసిన మనిషికి వెలిగింది. ఎడమకి తిరిగినప్పుడు బరువంతా కుడి చక్రాల మీద పడుతుంది. బరువు పడినప్పుడు అరుస్తోందంటే పోయింది కుడిది. మోత ఎడమ పక్క వినిపించిందంటే అది రేకులో ప్రయాణం చేసి వచ్చింది, కారు బాడీ మొత్తం ఒక తప్పెట లాంటిది, ఎక్కడ కొట్టినా అంతటా మోగుతుంది. చెవిని నమ్మి ఎడమ కుడి తేల్చెయ్యకూడదు.

అయినా నాన్న అక్కడితో ఆగలేదు. ఇంటికొచ్చి వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, జాకీని ఒక్కదాన్నే నమ్మకుండా స్టెప్నీని బండి కిందకి తోసి, ముందు కుడి చక్రం గాల్లోకి లేపాం. పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు, కొంచెం కూడా ఆట, అంటే వదులు, లేదు. పైనా కిందా పట్టుకున్నప్పుడు ఊగితే బేరింగో బాల్ జాయింటో, ఎడమా కుడీ పట్టుకున్నప్పుడు ఊగితే టై రాడ్ ఎండ్, ఇది చాలామందికి తెలిసిందే. కానీ ఆట లేదు కాబట్టి బేరింగు బాగుంది అనుకోడానికి లేదు, ఆట రాకముందే అరుపు మొదలవుతుంది. అప్పుడు చేసిన పని నేను ఎక్కడా చూడలేదు. ఒక చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగు మీద మెత్తగా ఆనించి, రెండో చేత్తో చక్రం తిప్పాడు. నా చెయ్యి లాక్కుని అక్కడ పెట్టాడు. స్ప్రింగులోంచి సన్నగా గరగర, ఇసక పడిన తిరగలి తిప్పినట్టు. ఎడమ పక్క కూడా ఎత్తి చూశాం, కొత్త బేరింగు కదా, నున్నగా, ఏమీ లేదు. స్ప్రింగు వొణుకుని పట్టి చేతికి అందిస్తుంది, చెవి అక్కర్లేదు. వినపడని మనిషికి దొరికింది, వినపడే ముగ్గురికి దొరకలేదు.

ఈసారి లేత్ షాపుకి నేనూ వెళ్లాను. పాత బేరింగు నొక్కి తీసి విడదీస్తే లోపల ట్రాక్ మీద గోరుకి తగిలే గుంటలు, గ్రీజు నల్లగా తారులా ఉంది. వానాకాలం మా ఊరి రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడు ఎన్నిసార్లు హబ్బు వరకు ముంచి నడిపానో, సీలు వదులైతే నీళ్లు లోపలికి పోక ఏమవుతుంది. కొత్తది వేశాక మోత పూర్తిగా ఆగిపోయింది. బండిలో ఇంత నిశ్శబ్దం ఉంటుందని మర్చిపోయాను.

వొణుకు ఆగలేదు.

నిజానికి మోత పోయాక వొణుకు ఇంకా తేటగా తెలిసింది. అప్పుడు అర్థమయ్యింది, రెండు వేరు వేరు జబ్బులు ఒకేసారి వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. నాన్న బస్సు రోజుల్లో లాగ్ షీటులో రాసినట్టు ఒక నోటు పుస్తకం పెట్టమన్నాడు. ఏ స్పీడులో, ఏ రోడ్డు మీద, బ్రేకు వేస్తే పెరిగిందా, యాక్సిలేటర్ తొక్కితే పెరిగిందా, నూట్రల్లో ఉందా, చేతులకా సీటుకా, బండిలో ఎంతమంది. ఒక వారం రాశాను. బ్రేకు వేసినప్పుడు తేడా లేదు, కాబట్టి డిస్కులు కాదు, డిస్కు వంకరైతే బ్రేకు వేసినప్పుడే పెడల్ కాలిని తంతుంది. యాక్సిలేటర్ తొక్కినా వదిలినా ఒకటే, కాబట్టి యాక్సిల్ లోపలి జాయింటు కాదు. నూట్రల్లో ఉంది. సీటుకి ఉంది, చేతులకి లేదు. వెనక ఇద్దరు కూర్చుంటే ఎక్కువ. అమ్మ బాటిల్ చెప్పినదే పుస్తకం కూడా చెప్పింది.

అప్పుడు పైసా ఖర్చు లేని పని చేశాం, ఎడమ పక్క ముందు చక్రం వెనక్కి, వెనకది ముందుకి మార్చాం. హబ్బు మొహం మీద తుప్పు పేరుకుపోయి ఉంది, తీగ బ్రష్షుతో గీకి శుభ్రం చేశాం, అక్కడ తుప్పు పొర ఉన్నా మట్టి ఉన్నా రిమ్ము సరిగ్గా ఆనదు, అది కూడా వొణుకుకి ఒక కారణం. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాం. హైవే ఎక్కి 85కి వచ్చేసరికి స్టీరింగ్ నా చేతుల్లో గడగడలాడింది, సీటు మాత్రం నిమ్మళం. జబ్బు చక్రంతో పాటు ముందుకి వచ్చేసింది. ఇంక అనుమానం లేదు, ఆ చక్రమే, 65 గ్రాములు అడిగిన ఆ చక్రమే.

ఇంట్లో దాన్ని గాల్లోకి లేపి, రెండు ఇటుకలు పేర్చి పైన పెన్సిలు పెట్టి, మొన టైరు ట్రెడ్‌కి, అంటే రోడ్డుకి ఆనే భాగానికి, తగిలీ తగలనట్టు ఉంచి నెమ్మదిగా తిప్పాం. ముప్పావు చుట్టు వరకు పెన్సిలుకీ టైరుకీ మధ్య సన్నటి సందు ఒకేలా ఉంది, ఒక్క చోట మాత్రం టైరు పెన్సిల్ని తోసేసింది. అక్కడ జానెడు మేర ట్రెడ్ మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉబ్బి ఉంది. అరచేత్తో నిమిరితే దద్దురు లేచినట్టు తెలుస్తోంది. లోపలి స్టీలు బెల్టు రబ్బరు నుంచి విడిపోవడం మొదలైతే ఇలా వస్తుంది. చక్రం విప్పి లోపలి పక్క చూస్తే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, మీద కూడా చిన్న బుడిపె. బయటి పక్క నుంచి చూస్తే టైరు కొత్తదానిలా ఉంది, గాడులు ఇంకా 4 మిల్లీమీటర్ల పైన ఉన్నాయి, గాలి సరిగ్గా ఉంది, అందుకే షాపులోనూ నా కంటికీ అనుమానం రాలేదు.

అది ఎక్కడ తగిలిందో నాకు గుర్తొచ్చింది. ఆశ్వయుజంలో రాజాం వెళ్తూ చిలకపాలెం దాటాక వానలో నీళ్లు నిండిన గొయ్యి కనపడక ఎడమ పక్క చక్రాలు రెండూ దబ్బుమని దిగాయి. ముందుది తట్టుకుంది, వెనకది దెబ్బతింది. అప్పుడు దిగి బయటి పక్కే చూసి ఏం కాలేదని వెళ్లిపోయాను. పెద్ద గొయ్యిలో పడితే లోపలి పక్క కూడా చూడాలి, టార్చి వేసి, చెయ్యి పెట్టి. టైరు మీద తయారీ తేదీ కూడా అప్పుడే చదివాను, డాట్ అని ఉన్నచోట చివర నాలుగు అంకెలు 1217, అంటే 2017లో 12వ వారం. ఏళ్లు మీరిన రబ్బరుకి గొయ్యి దెబ్బ తట్టుకునే శక్తి ఎక్కడిది. ఆ టైరు మీద మూడు నెలలు అమ్మని హైవే మీద తిప్పాను అన్నది తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. ఉబ్బిన టైరు 85లో ఎప్పుడు పేలుతుందో ఎవరూ చెప్పలేరు. వొణుకు తెలిసిన రోజే చక్రం విప్పి చూసుండాల్సింది.

మిగతా చప్పుళ్ల గురించి కూడా నాన్న చెప్పినవీ నేను చూసినవీ కొన్ని. పూర్తిగా స్టీరింగ్ తిప్పి మలుపు తిరుగుతుంటే టక్ టక్ టక్ అంటే యాక్సిల్ బయటి జాయింటు, ముందు రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికి చిమ్మిందేమో చూడాలి, బూటు చిరిగిన తొలి రోజుల్లోనే మార్చుకుంటే జాయింటు బతుకుతుంది. చిన్న చిన్న గతుకుల మీద కటకట అంటే చాలాసార్లు సస్పెన్షన్‌లో ఉండే లింక్ రాడ్డు. ఉన్నట్టుండి ఇనుము గీకినట్టు కీచుమంటే బ్రేకు ప్యాడ్లు అరిగిపోయి ఉండొచ్చు, చూపించుకోవాలి, లేదా డిస్కుకీ వెనక రేకుకీ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉండొచ్చు, మా కాలనీలో ఒకాయన బ్రేకు ప్యాడ్లు మార్పించేద్దామని బయల్దేరితే దారిలో ఆ రాయి దానంతటదే రాలిపోయింది. మోత టైరుదా బేరింగుదా అని అనుమానం ఉంటే, తారు రోడ్డు మీంచి సిమెంటు రోడ్డు మీదకి వెళ్లినప్పుడు వినండి, టైరు మోత రోడ్డుతో పాటు మారిపోతుంది, బేరింగు మోత మారదు. మా బావ ఉడుపుల టైములో పొలం గట్టు దారిలో కారు తీసుకెళ్లి, మర్నాడు నరసన్నపేట వస్తుంటే 60 దాటితే స్టీరింగ్ ఊగిపోతోందని కంగారుగా ఫోన్ చేశాడు. రిమ్ముల లోపలి పక్క బంకమట్టి పట్టి ఎండిపోయింది, అంతే. పైపు పెట్టి కడిగితే పోయింది. ఈ కడగడం అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని, వానాకాలంలో మరీనూ.

టైర్లు రెండు కొత్తవి తీసుకున్నాను. కొత్తవి వెనక వేయించాం, తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారితే బండి తిరిగిపోతుంది, దాన్ని సరిదిద్దుకోవడం కష్టం, ముందు టైర్లు జారితే కొంతైనా చేతిలో ఉంటుంది. బ్యాలెన్సింగ్‌లో రెండిటికీ 10 గ్రాములు కూడా పడలేదు. 50 కిలోమీటర్లు నడిపాక నట్లు మళ్లీ ఒకసారి పానా వేసి చూశాను. ఆ ఆదివారం అమ్మతో విజయనగరం వెళ్లాం, నాతవలస దగ్గర హైవే దిగి డెంకాడ మీదుగా వెళ్లేదాకా అమ్మ నిద్రపోయింది.

షాపువాడు ఆ ఉబ్బిన టైరుకి 200 ఇస్తానన్నాడు, పైకి బాగానే ఉంది కదా, ఎవరికో స్టెప్నీకి పనికొస్తుంది అన్నాడు. నాన్న వినపడనట్టు ఊరుకున్నాడనుకున్నాను. కాదు, డిక్కీలోంచి చాకు తెచ్చి అక్కడే షాపు ముందు కూర్చుని సైడ్‌వాల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి కోసేశాడు. చెయ్యి నొప్పెట్టి మధ్యలో రెండుసార్లు ఆగాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. "ఎవలి పిల్లలో ఎక్కుతారు దీని మీద" అన్నాడు. ఇప్పుడది మా పెరట్లో కొబ్బరి మొక్క చుట్టూ పడుంది.